అన్నానికి పిలిచిన చెయ్యి

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఎలా ఉంటుంది చెప్పండి, వాటిని తయారు చేసి పొట్టపోసుకునే వాణ్ణి నేను!

చీరాలలో నాకు చిన్న ఎడిటింగ్ స్టూడియో ఉంది. ఇరవయ్యేళ్ళ పైనుంచీ పెళ్ళి వీడియోలే పని. మా వైపు పెళ్ళి వీడియోలో చనిపోయిన పెద్దవాళ్ళు ఉండి తీరాలి. తలంబ్రాలు పోసుకునే వేళకి మబ్బుల్లోంచి తాతగారు ప్రత్యక్షమై అక్షింతలు చల్లాలి. పాత ఫోటోలోంచి మనిషిని కత్తిరించి, కళ్ళు ఆర్పేట్టు చేసి, చెయ్యి కదిలించి, వెనకాల కాస్త వెలుగు పెడతాను. వినుకొండ పార్టీ ఒకళ్ళు వాళ్ళ నాన్న చెయ్యి ఇంకా పైకి లేవాలని మూడుసార్లు తిప్పి పంపారు. పెదకాకానిలో ఒక పెద్దావిడ అయితే, "మా అత్తగారి పక్కన మామగారిని పెట్టమాకండి బాబూ, బతికున్నన్నాళ్ళూ కొట్టుకున్నారు, అక్కడన్నా ప్రశాంతంగా ఉండనియ్యండి" అంది. సరేనని ఇద్దర్నీ వేరు వేరు మబ్బుల్లో కూర్చోబెట్టాను.

అలాంటి వాణ్ణి. తెర మీద చచ్చినవాడు కదిలితే నాకు భయమెందుకు? కదిలించేది నేనేగా.

ఇప్పుడు చెప్పబోయేది పోయిన వేసవిలో జరిగింది. పట్టపగలు జరిగింది. ముగ్గురం చూస్తుండగా జరిగింది. చూసింది చూసినట్టు చెప్తాను.

సాంబయ్య మాస్టారు హైస్కూల్లో నాకు సోషల్ చెప్పారు. రిటైరై నాలుగేళ్ళయింది. ఒకరోజు పొద్దున్నే ఆయాసపడుతూ స్టూడియో మెట్లెక్కి వచ్చి, జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఒరేయ్ శీనూ, ఇందులో ఒక పాత సినిమా ఉంది. దాంట్లో మా తాతని వెతకాలి."

తాతగారు సినిమాల్లో వేషాలు కూడా వేశారా మాస్టారూ అని నవ్వాను. ఆయన నవ్వలేదు. "మా అమ్మ కోసంరా" అన్నారు. అప్పుడు కుర్చీ లాగి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, సంగతేమిటని అడిగాను.

మాస్టారి తల్లి కోటమ్మ గారు. ఎనభై దాటాయి. ఆమె తండ్రి పేరు వీరాస్వామి. నేతపని ఆయనది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మగ్గాలు ఆగిపోతే, కడుపుతో ఉన్న భార్యని పుట్టింట్లో దింపి, మద్రాసు వెళ్ళి సరుకుల ఓడలో పనికి కుదిరాడు. కూతురు పుట్టిందన్న కబురు ఆయనకి అందిందో లేదో ఈనాటికీ తెలీదు.

కోటమ్మ గారు చంకలో పిల్లగా ఉన్నప్పుడు వాళ్ళ ఊరికి సర్కారు వ్యాను వచ్చిందట. జనరేటరు పెట్టి, రెండు గుంజలకి తెల్లగుడ్డ కట్టి, ఊరందరికీ ఉచితంగా బొమ్మ వేసేవాళ్ళు. వినోదం కోసం కాదు. యుద్ధంలో మనమే గెలుస్తున్నాం, సముద్రాలన్నీ మన చేతుల్లో ఉన్నాయి, కుర్రాళ్ళంతా వచ్చి చేరండి అని చెప్పడానికి తీసిన ప్రచార చిత్రాలు. అలాంటి ఒక చిత్రంలో ఓడ మీద పనివాళ్ళు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. చూస్తూ చూస్తూ ఉండగా ఆ తెల్లగుడ్డ మీదికి వీరాస్వామి వచ్చాడు. కోటమ్మ గారి తల్లి జనంలో పిల్లనెత్తుకుని నిలబడి ఉంది. మొగుడు ఆమె వైపే చూసి, చెయ్యెత్తి, రమ్మని పిలిచాడు.

వ్యాను దగ్గర మైకు పట్టుకున్నవాడు వెంటనే అందుకున్నాడట, చూశారా, మీ ఊరివాడే మిమ్మల్ని పిలుస్తున్నాడు, ఓడలో మీకూ చోటుంది, కదలండి అని.

ఆ పిల్లతల్లికి మాత్రం వేరేగా అర్థమయింది. మన ఇళ్ళల్లో ఎవరైనా అన్నం తింటుండగా గుమ్మంలోకి మనిషి వస్తే ఊరుకోరు కదా. కంచంలో చెయ్యి ఉండగానే రండి, భోంచేద్దాం అంటారు. వచ్చినవాడు పగవాడైనా సరే, ఆ మాట అనకుండా ముద్ద దిగదు. ఓడ మీద ఎవరో దొర కెమెరా పట్టుకుని ఎదురుగా వచ్చి నిలబడి ఉంటాడు. వీరాస్వామి అలవాటు కొద్దీ అతన్ని అన్నానికి పిలిచాడు. అంతే. ఆమె బతికినన్నాళ్ళూ చెప్పింది ఇదే.

కానీ ఆమె తమ్ముడు, పద్దెనిమిదేళ్ళవాడు, "బావ పిలిచాడు" అని వారం తిరక్కుండా వెళ్ళి చేరాడు. అతనెక్కిన ఓడ కూడా తిరిగి రాలేదు.

తర్వాత కొన్నాళ్ళకి వీరాస్వామి గురించి ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. ఓడని శత్రువులు టార్పెడోతో ముంచేశారు, ఎవరూ మిగల్లేదు. పోస్టుమాస్టరు చదివి చెప్పాడు. ఆ ఉత్తరంలో ఉన్న తారీఖు, వ్యాను ఊళ్ళోకి రావడానికంటే ముందుది. అంటే ఊరంతా కూర్చుని చూస్తున్న ఆ అన్నం తినేవాళ్ళు అప్పటికే సముద్రం అడుగున ఉన్నారు. సముద్రం భద్రంగా ఉందని చెప్పే సినిమాలోని ఓడే మునిగిపోయింది, సినిమా మాత్రం ఊరూరా ఆడుతూనే ఉంది.

కోటమ్మ గారి తల్లి ఒప్పుకోలేదట. అంతకుముందు బొమ్మ చూసిన మనిషి కాదు. "నేను చూశాక ఎట్టా చచ్చిపోతాడు? చచ్చినోడు అన్నానికి పిలుస్తాడా?" అని పోస్టుమాస్టరునే కసిరింది. చివరిదాకా బొట్టు తీయలేదు. ఆమెని కన్న తల్లి మాత్రం, అంటే కోటమ్మ గారి అమ్మమ్మ, అదే ఇంట్లో, అదే పొయ్యి దగ్గర కూర్చుని, రోజూ ఒకటే మాట: "నీ మొగుడు పిలిచి పిలిచి నా కొడుకుని మింగాడే."

కోటమ్మ గారు ఈ రెండు మాటల మధ్య పెరిగింది. తండ్రికి ఇంతవరకూ ఒక్క తద్దినం పెట్టించలేదు. మేనమామని చావుకి పిలిచినవాడికి పిండం పెడితే అమ్మమ్మ ఉసురు తగులుతుందని భయం. పెట్టకపోతే అన్నానికి పిలిచిన తండ్రిని ఆకలితో ఉంచినట్టవుతుందని ఇంకో భయం. ఈ మధ్య గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ కొడుకుని పట్టుకుని అడుగుతోంది, ఆ బొమ్మ ఎక్కడన్నా దొరుకుతుందేమో చూడరా, నా కళ్ళతో చూసి నేనే తేల్చుకుంటాను అని.

మాస్టారు ఆ ఉత్తరంలోని ఓడ పేరు పట్టుకుని నెలల తరబడి ఇంటర్నెట్‌లో వెతికారు. చివరికి ఒక విదేశీ ఆర్కైవ్ వెబ్‌సైటులో దొరికింది. పది నిమిషాల చిత్రం. కింద రెండు ముక్కలు రాసి ఉన్నాయట, ఇందులో కనిపించే ఓడ చిత్రీకరణ జరిగిన కొన్ని నెలలకే మునిగిపోయిందని, ఆ తర్వాత కూడా చిత్రాన్ని ప్రదర్శించారని. డౌన్‌లోడ్ చేసుకున్నారు గానీ మాస్టారికి కళ్ళు సరిగ్గా ఆనవు. అందులో అంతమంది మనుషులు, అంతా గీతలు, చుక్కలు.

"నీకు మొహాలు పట్టుకోవడం అలవాటేగా. కాస్త శుభ్రం చేసి, పెద్దది చేసి పెట్టరా" అన్నారు. నాకేం, రోజూ చేసే పనే, రెండు రోజుల్లో ఇస్తానన్నాను.

మాస్టారి దగ్గర ఆనవాలుకి ఫోటో ఏదీ లేదు. ఆయన చెప్పింది ఒక్కటే. వాళ్ళ అమ్మమ్మ, అంటే వీరాస్వామి భార్య, ఆ రాత్రి మొగుణ్ణి మొహం చూసి కాదు, కూర్చున్న తీరు చూసి ముందు గుర్తుపట్టిందట. ఆ తీరేమిటో ఆమె చెప్పలేదు, వీళ్ళు అడగలేదు.

ఆయన వెళ్ళగానే వేశాను. మొదటి నాలుగు నిమిషాలు ఓడలు, జెండాలు, బ్యాండు మేళం. ఆ తర్వాత డెక్ మీద భోజనాలు. వరసగా పద్నాలుగు మంది. పదమూడు మంది బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఆ చివర ఒక్కడు మాత్రం, సరుకు దించడానికి డెక్ మధ్యలో వదిలిన చదరపు గుంట ఉంటుంది చూడండి, దాని అంచున కూర్చుని కాళ్ళు రెండూ గుంటలోకి వదిలేసి, కంచం ఒళ్ళో పెట్టుకున్నాడు.

మా నాన్న జీవితమంతా అలాగే కూర్చున్నాడు. గుంటమగ్గం ముందు నేతగాడు కూర్చునేది అలాగే, గుంటలోకి కాళ్ళు వదిలి, నడుం కాస్త ముందుకి వంచి. ఓడెక్కినా ఆ మనిషికి కూర్చోవడం అంటే అదే. వీరాస్వామి దొరికాడు అనుకున్నాను. సంతోషంతో కేకేసి మా ఆవిణ్ణి పిలిచాను. మా ఇల్లు స్టూడియో వెనకే.

పద్మ వచ్చి వంగి చూసింది. ఆ షాట్ పదకొండు సెకన్లు. ఆయన కంచంలో అన్నం కలిపి ముద్ద చేసి పెట్టుకున్నాడు. తలెత్తి కెమెరాలోకి చూస్తాడు. ఎడమచెయ్యి ఎత్తుతాడు. అరచెయ్యి కిందికి తిప్పి, నాలుగు వేళ్ళూ ముడుస్తూ రమ్మంటాడు. మనవాళ్ళు పిలిచే పద్ధతే. అప్పుడు ఇంగ్లీషు వాయిస్ ఓవర్ గంభీరంగా మొదలవుతుంది, ఇతను మిమ్మల్నే పిలుస్తున్నాడు, పక్కన చోటు ఖాళీగా ఉంది, ఇంకా ఆలోచన దేనికి అని. చెయ్యి ఇంకా గాల్లో ఉండగానే షాట్ అయిపోతుంది, మళ్ళీ జెండా.

"ఎవర్ని పిలుస్తున్నాడండీ?" అంది పద్మ.

"కెమెరావాణ్ణి" అన్నాను.

"మన వైపే చూస్తున్నాడుగా" అని, పొయ్యి మీద కూరుందని వెళ్ళిపోయింది.

నాకు ఆర్డర్ల పుస్తకంలో ప్రతి షాటూ రాసుకునే అలవాటుంది. అందులో రాసిందే మీకు చెప్తున్నాను. "చివరి మనిషి. 11 సెకన్లు. పిలుపు 3 సార్లు. ముద్ద తినలేదు." ఆ ముద్ద సంగతి ఎందుకు రాశానంటే, మిగతా పదమూడు మందీ ఎక్కడో ఒకచోట నోట్లో పెట్టుకుంటూ కనిపిస్తారు. ఈయన ఒక్కడే తినడు. అన్నం కలిపి పెట్టుకుని పిలుస్తూ ఉంటాడు.

ఆ షాట్‌ని కత్తిరించి, గీతలు తీసి, వెలుగు సరిచేసి, ఒక ఫ్రేము ఫోటోగా ప్రింటు కూడా తీశాను, చెయ్యెత్తి ఉన్నది. మాస్టారికి ఇస్తే ఇంట్లో ఉంచుకుంటారు కదా అని.

మర్నాడు సరిచూసుకుంటుంటే పిలుపు అయిదుసార్లుంది.

నేను లెక్క తప్పానేమో అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. మళ్ళీ లెక్కపెట్టాను. అయిదు. షాట్ నిడివి చూస్తే అదే పదకొండు సెకన్లు, ఒక్క ఫ్రేము కూడా పెరగలేదు. మూడుసార్లు నెమ్మదిగా ముడిచిన వేళ్ళు ఇప్పుడు తొందర తొందరగా ముడుస్తున్నాయి. శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి పిచ్చి పనులు చేస్తుంది, లేని ఫ్రేములు పుట్టిస్తుంది. అదేమోనని నేను ముట్టుకోని ఒరిజినల్ ఫైలు తెరిచాను. అందులోనూ అయిదే.

ఇక అక్కణ్ణుంచి నాకు నిలకడ పోయింది. గుంటూరు పెళ్ళి ఒకటి అర్జెంటుగా ఇవ్వాలి, అది వదిలేసి ఈ పదకొండు సెకన్లు ముందుకీ వెనక్కీ లాగుతూ కూర్చున్నాను. లేచి కిందికి వెళ్తాను, టీ తాగుతాను, మళ్ళీ వస్తాను. పెళ్ళివాళ్ళు ఫోన్ చేస్తే విసుక్కున్నాను. అన్నానికి కూర్చుంటే ముద్ద దిగదు. భయం కాదది. ఎవరో పిలిస్తే పలక్కుండా వచ్చేసినట్టు ఒక ఇబ్బంది. కంచం ముందు కూర్చుని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. "ఏంటండీ అట్టా చూస్తన్నారు, ఎవరన్నా వచ్చారా?" అంది పద్మ. ఏం లేదన్నాను. మూడోసారి తనే వెనక్కి తిరిగి చూసింది.

మర్నాడు మాస్టారికి ఫోన్ చేసి, ఇక ఆలస్యం చేయొద్దు, ఇవాళే మీ ఇంటికొస్తాను, మామ్మగారికి చూపించేద్దాం అన్నాను. నాకు ఆ పని ఎప్పుడు వదిలించుకుందామా అని ఉంది. నిజం చెప్పడానికి సిగ్గెందుకు.

పదకొండు గంటలప్పుడు వెళ్ళాను. ఎండ మండిపోతోంది. కోటమ్మ గారు నులక మంచం మీద కూర్చుని ఉంది. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఖంగుమంటుంది. ల్యాప్‌టాప్‌ని వాళ్ళ టీవీకి తగిలించాను. మంచాన్ని టీవీకి దగ్గరగా జరిపాం. ఒక పక్క మాస్టారు, ఒక పక్క నేను.

"ఏం బాబూ, మా నాన్న దొరికాడంటగా. బాగున్నాడా?" అని అడిగింది నన్ను. బాగున్నారు మామ్మగారూ అన్నాను.

ఉన్న చిత్రం ఉన్నట్టు, ఒరిజినల్ ఫైలే వేశాను. జెండాలు, ఓడలు అయ్యాక భోజనాలు వచ్చాయి. నేను చెప్పకుండానే ఆమె వేలు చివరి మనిషి మీదికి వెళ్ళింది. "అదుగో, మగ్గంలో కూర్చున్నట్టు కూర్చున్నాడే మా నాయన" అంది. తర్వాత ఆయన తలెత్తాడు. పిలిచాడు. దొరగారి గొంతు దబాయిస్తున్నట్టు మొదలయింది. షాట్ అయిపోయింది.

ఆమె మొహం వాడిపోయింది. "ఆ మాట్లాడేవాడేమంటన్నాడ్రా?" అని కొడుకుని అడిగింది. మాస్టారు ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పారు. యుద్ధానికి రమ్మని పిలుస్తున్నాడంటున్నాడమ్మా అని.

"అయితే మా అమ్మమ్మ మాటే నిజమా?" అంది. ఆ మాట అన్న తీరుకి నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎనభై ఏళ్ళ మనిషి చంటిపిల్లలా అడిగింది.

మళ్ళీ ఆమే అంది, "బాబూ, ఆ గొంతు తీసేసి వెయ్యి. చెప్పాల్సింది ఆ తెల్లోడు కాదు, మా నాన్న."

మూడు రోజులు ఆ షాట్ మీద కూర్చున్నానా, నాకు ఆ ఆలోచన రాలేదు. సౌండ్ మ్యూట్ చేసి ఆ షాట్ దగ్గర్నుంచి మళ్ళీ వేశాను.

గొంతు లేకపోయేసరికి ఇంకేం చెప్పాలి! ఒళ్ళో కంచం, కలిపిన ముద్ద, ఎదుటివాడు వచ్చాడు గనక ఆగిన చెయ్యి. కళ్ళల్లో కాస్త మొహమాటం. ఏ ఇంటి పంచలోనైనా కనిపించే మనిషి. ఆయన యుద్ధానికి పిలుస్తున్నాడని ఎవడైనా అంటే వాడికి మన ఇంట్లో ఎప్పుడూ అన్నం పెట్టలేదన్న మాట.

"చూశావురా సాంబా, అన్నానికే" అంది కోటమ్మ గారు. "మా అమ్మ అబద్ధం చెప్పలేదు. అన్నానికేరా పిలిచింది." కొడుకు భుజం పట్టుకుని ఊపేస్తూ అంది.

అని, టీవీ వైపు తిరిగింది. వీధి అరుగు మీద ఎవరో కూర్చుని ఉంటే ఇంట్లోంచి చెప్పినట్టు గట్టిగా చెప్పింది:

"నేను తిన్నాను నాన్నా. నువ్వు కానియ్."

తెర మీద ఆయన చెయ్యి కిందికి దించాడు.

నేను ఏ బటనూ నొక్కలేదు. నా చేతులు నా మోకాళ్ళ మీద ఉన్నాయి. ఆయన చెయ్యి దించి, ఒక్క క్షణం చూసి, తల వంచి, ఆ ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకో ముద్ద కలుపుతుండగా షాట్ అయిపోయి జెండా వచ్చింది.

తల్లీ కొడుకులు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడుస్తున్నారు. వాళ్ళకి అందులో వింతేమీ కనపడలేదు. వాళ్ళు చూసింది రెండోసారేగా. నేను వందసార్లు చూసినవాణ్ణి. ఆ షాట్‌లో ఆ మనిషి ముద్ద తినడని నా చేత్తో రాసుకున్నవాణ్ణి.

కోటమ్మ గారు కళ్ళు తుడుచుకుని ఒక మాట చెప్పింది. అది మాస్టారు కూడా ఎప్పుడూ విననిదట. ఆ రోజు వ్యాను దగ్గర జనంలో నిలబడి, మొగుడు అలా పిలుస్తుంటే, తిన్నాను, నువ్వు తిను అనాలని ఆమె తల్లికి నోటిదాకా వచ్చిందట. కానీ అనలేకపోయింది. సిగ్గుపడి కాదు. "ఆ రోజు మా అమ్మ తిన్లేదు బాబూ. నూలు లేదు, పని లేదు, ఇంట్లో గింజ లేదు. రెండు పూటల్నించీ నీళ్ళు తాగి నాకు పాలిస్తంది. తినకండా తిన్నానని ఆయనకి ఎట్టా చెప్పేదే అనేది నాతో."

ఆ మాట విన్నాక నేను ఆ ఇంట్లో ఉండలేకపోయాను. వైర్లు పీకి సంచిలో కుక్కుకుని, ఫోటో మాస్టారి చేతిలో పెట్టి వచ్చేశాను.

స్టూడియోకి వచ్చి అన్నీ ఒకదాని తర్వాత ఒకటి తెరిచాను. నేను శుభ్రం చేసిన షాట్, ఒరిజినల్ ఫైలు, మాస్టారి పెన్‌డ్రైవ్‌లో ఉన్నది. అన్నిట్లోనూ ఒకటే. ఆయన తలెత్తడు, పిలవడు. పదకొండు సెకన్లూ వంచిన తల వంచినట్టే అన్నం తింటాడు. ఆ విదేశీ వెబ్‌సైటు తెరిచాను. దాన్ని నేను మార్చలేను కదా, అది నా చేతిలో లేదు కదా. అక్కడా అంతే. పైగా అక్కడ ఇంగ్లీషు గొంతు మారలేదు. ఇతను మిమ్మల్నే పిలుస్తున్నాడు అని అదే దబాయింపుతో చెబుతోంది, ఆయనేమో ఎవర్నీ పట్టించుకోకుండా తింటున్నాడు. ఆ గొంతు ఏ చెయ్యి గురించి మాట్లాడుతోందో కొత్తగా చూసేవాడికి అర్థం కాదు.

పద్మని పిలిచి చూపించాను. ఒక్కసారి చూసి, "మొన్న పిలిచాడుగా?" అంది. అంతే, ఆ రోజు నుంచి స్టూడియోలోకి రావడం మానేసింది. మాస్టారిని అడిగితే, "ఏమోరా, నా కళ్ళ సంగతి నీకు తెల్సుగా, నేను సరిగ్గా చూళ్ళేదేమో" అని తప్పించుకున్నారు. కానీ నేను ఇచ్చిన ఫోటో ఆయన ఇంట్లోనే ఉంది. అందులో చెయ్యి లేచే ఉంది. అది కూడా లేకపోతే నాకే మతి చెడిందనుకునేవాణ్ణి.

తర్వాత వచ్చిన భాద్రపద అమావాస్యకి కోటమ్మ గారు కొడుకు చేత తండ్రికీ మేనమామకీ కలిపి పిండాలు పెట్టించింది. ఇద్దరికీ ఒకే విస్తట్లో పెట్టమని పురోహితుడితో వాదన వేసుకుందట, ఆయన కుదరదన్నా వినకుండా రెండు ఆకులూ అంచులు కలిపి పరిపించిందట.

నాకు మాత్రం తోచేది కాదు. పని మధ్యలో ఆ ఫైలు తెరిచి చూసేవాణ్ణి. మళ్ళీ తలెత్తుతాడేమోనని. రోజుకి పది సార్లు, పన్నెండు సార్లు. ఒకరోజు అలా చూస్తుండగానే మాస్టారి ఫోన్ నుంచి కోటమ్మ గారే మాట్లాడింది.

"ఏం బాబూ, ఇంకా పిలుస్తన్నాడా?"

"లేదు మామ్మగారూ. తింటున్నారు."

"నువ్వు చూస్తన్నావా?"

చూస్తున్నానన్నాను. రోజూ చూస్తున్నానని కూడా చెప్పాను. అవతల కోపం వచ్చింది ఆమెకి.

"నీకు బుద్దుందా అబ్బాయ్? అన్నం తినే మనిషిని అట్టా నోట్లోకి చూస్తా కూర్చుంటారా? దిష్టి కాదూ! మూసెయ్. ఆయన్ని తిననీ."

మూసేశాను. అది మొదలు మళ్ళీ తెరవలేదు. వెబ్‌సైటు పేరు చెప్పమని కొందరు అడిగారు, వెళ్ళి చూస్తామని. చెప్పలేదు.